మెక్సికో సంతకి వెళ్తే సంచి పట్టుకెళ్ళండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ట్రావెల్ పేజీలో మెక్సికో పేరు కనిపిస్తే చాలు వదలకుండా చదువుతాను, ఎందుకంటే మా అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంటుంది, నేను ఏడాదికి నాలుగైదు నెలలు వాళ్ళ దగ్గరే ఉంటాను, అక్కణ్ణించి మెక్సికో అంటే పెద్ద దూరం కాదు. కానీ ఎప్పుడు చూసినా కాంకున్ బీచ్, చిచెన్ ఇట్జా పిరమిడ్, మళ్ళీ కాంకున్ బీచ్. అక్కడి సంతల గురించి ఎవరూ రాయరు, రాసినా రంగులు భలే ఉన్నాయి ఫోటోలు బాగా వస్తాయి అని రెండు లైన్లు రాసి వదిలేస్తారు. నేను పోయిన అక్టోబర్ చివర్లో అమ్మాయితో అల్లుడితో దక్షిణ మెక్సికోలో ఉన్న వహాకా అనే ఊరు వెళ్ళి ఐదు రోజులూ సంతల్లోనే తిరిగాను. అక్కడ ఒక తప్పు చేశాను, మనవాళ్ళే ఇంకొకళ్ళు అంతకన్నా పెద్ద తప్పు చేస్తుంటే కళ్ళారా చూశాను. ఆ రెండూ మనసులో పెట్టుకుని ఉండలేక రాస్తున్నా, ఉత్తరం పెద్దదైతే ఏమనుకోకండి.

ముందు పనికొచ్చే మాట ఒకటి. మన పాస్‌పోర్ట్ మీద చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి టూరిస్టుగా వెళ్ళడానికి వేరే వీసా అక్కర్లేదు. ఇది పిల్లల దగ్గరికి వచ్చే చాలామంది అమ్మానాన్నలకి తెలీదు, వచ్చిన ఆరు నెలలూ నాలుగు గోడల మధ్య కూర్చుని వెళ్ళిపోతుంటారు.

వహాకా ఊరి నడిమధ్యలో చెట్లున్న పెద్ద చౌక్ ఉంటుంది, దాన్ని సోకలో అంటారు, అక్కణ్ణించి కొంచెం నడిస్తే రెండు మార్కెట్లు, ఒకటి బెనీతో హువారెస్ మార్కెట్, దాని పక్కనే 20 నవంబర్ మార్కెట్. హువారెస్ అంటే 1806లో ఇదే రాష్ట్రంలో గెలతావో అనే కొండ పల్లెలో సపోతెక్ తెగలో పుట్టి దేశానికి ప్రెసిడెంట్ అయిన మనిషి. 20 నవంబర్ అంటే 1910లో వాళ్ళ విప్లవం మొదలైన తారీకు. ఇప్పటి 500 పెసోల నోటు మీద కూడా హువారెస్ బొమ్మే ఉంటుంది, ఆ నోటుతోనే మేం మొదటిరోజు పొద్దున్నే ఒకామెని ఇబ్బంది పెట్టాం. ఏటీఎంలో అన్నీ 500లే వచ్చాయి, జామకాయల పోగు ఒకటి కొని ఆ నోటు ఇస్తే పాపం ఆవిడ పక్క కొట్టు, దాని పక్క కొట్టు, చివరికి ఎదురు వరస దాకా వెళ్ళి చిల్లర తెచ్చింది, ఒక్క మాట అన్లేదు. కాబట్టి వెళ్ళేవాళ్ళు ముందే ఏ సూపర్ మార్కెట్‌లోనో పెద్ద నోటు మార్చుకుని 20లు, 50లు, నాణేలు ఉంచుకోండి. సంతలో కార్డులు దాదాపుగా నడవవు, టాయిలెట్‌కి కూడా చిల్లర కావాలి.

లోపలికి వెళ్ళగానే నన్ను ఆపేసింది ఎండుమిరపకాయలండీ. గోనెసంచుల మూతులు మడిచిపెట్టి వరసగా కాయలు పోసి ఉంచారు, నల్లవి, ఇటుక రంగువి, పొడుగువి, బొద్దుగా ముడతలు పడ్డవి. పొబ్లానో అనే పెద్ద కాయ పండి ఎండితే ఆంచో అంట, హలపేన్యోని పొగలో ఎండబెడితే చిపోత్లె, ఈ వహాకా కొండల్లో కాసేదాన్ని పొగబెట్టి ఎండిస్తే పసియా, నల్ల మోలె కూరకి వేసే చిల్వాక్లె అనే రకమైతే ఈ రాష్ట్రంలో కన్యాదా అనే ప్రాంతంలోనే పండుతుందంట. ఒక్కో దానికి ఒక్కో వాసన, ఒకటి ఎండుద్రాక్షలా ఉంటే ఇంకోటి కట్టెలపొయ్యి పక్కన కూర్చున్నట్టు ఉంది. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసు వాళ్ళు తెచ్చి 500 ఏళ్ళయిందని చదువుకున్నాం కదా, అది మొదట పుట్టి పెరిగిన నేల ఇదే. నేను కాయ విరిచి గింజలు చూసి వాసన చూసి పక్కన పెడుతుంటే కొట్టు ఆవిడ నన్నే చూస్తోంది, తిడుతుందేమో అనుకున్నా, లేచి వచ్చి లోపల దాచిన ఇంకో సంచి విప్పి చూపించింది. కాయ ఎలా చూడాలో తెలిసినవాళ్ళని వాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

అక్కడ అమ్మేవాళ్ళు కొనేవాళ్ళని మర్చాంత అని పిలుస్తారు, మగవాళ్ళయితే మర్చాంతె, కొనేవాళ్ళు కూడా అమ్మేవాళ్ళని అదే మాటతో పిలుస్తారు. రెండు వైపులా ఒకే పిలుపు, నాకిది ఎంత నచ్చిందో చెప్పలేను. పావుకిలో పసియా కాయలు తూకం వేసి సంచిలో పోశాక ఆవిడ ఇంకో రెండు కాయలు తీసి పైన వేసింది. అదేంటని మా అమ్మాయి అడిగితే పిలోన్ అంది. అంటే కొసరు! మన కొసరే, అచ్చంగా. అడిగి తీసుకునేది కాదు, కొన్నాక వాళ్ళంతట వాళ్ళు వేసేది. మూడోరోజు మళ్ళీ అదే కొట్టుకి వెళ్తే నన్ను గుర్తుపట్టింది, ఆ రోజు కొసరు నాలుగు కాయలు.

ఇలా పోగులు పెట్టి, లెక్కపెట్టి, కొలిచి అమ్మడం వెనక పెద్ద చరిత్రే ఉంది. ఇప్పటి మెక్సికో సిటీలో కలిసిపోయిన త్లాతెలోల్కో అనే చోట, స్పెయిన్ వాళ్ళు రాకముందు అక్కడ ఏలిన అజ్టెక్‌ల కాలంలో మహా సంత జరిగేది. స్పెయిన్ నుంచి దండెత్తి వచ్చిన కోర్తేస్ 1520లో తన రాజుకి రాసిన ఉత్తరంలో దాని గురించి వర్ణించాడు, రోజూ 60,000 మందికి పైగా అక్కడ కొంటూ అమ్ముతూ ఉంటారనీ, ఒక్కో సరుకుకి ఒక్కో వీధి ఉంటుందనీ, అన్నీ లెక్కనో కొలతనో అమ్ముతారు తప్ప తూకం వేసి అమ్మడం చూడలేదనీ, తగాదాలు తీర్చడానికి పది పన్నెండుమంది న్యాయమూర్తులు అక్కడే కూర్చుంటారనీ రాశాడు. మరుసటి ఏడాదే ఆ నగరాన్ని నేలమట్టం చేసిన మనిషి రాసిన మాటలివి. ఊరు పోయింది కానీ సంత పోలేదు. వీధి సంతని ఈ రోజుకీ వాళ్ళు తియాంగిస్ అంటారు, అది స్పానిష్ మాట కాదు, అజ్టెక్‌ల నహువాత్ల్ భాషలో తియాంకిజ్త్లి అనే పాత మాటే అరిగి ఇలా అయింది. మెక్సికో సిటీలో నేషనల్ ప్యాలెస్ గోడ మీద డియెగో రివేరా అనే చిత్రకారుడు 1945లో ఆ త్లాతెలోల్కో సంతనే గీశాడు, నేను అది చూడలేకపోయాను, ఫోటోల్లో చూశా అంతే.

20 నవంబర్ మార్కెట్‌లో మాంసం కాల్చే వరస ఒకటుంది, పొగ సందు అంటారు, పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఒకరి దగ్గర మాంసం ఎంచుకోవాలి, వాళ్ళు అక్కడే బొగ్గుల మీద కాలుస్తారు, రొట్టెలు ఇంకొకరు, ఉల్లికాడలు సలాడ్ వేరొకరు, ఎవరి డబ్బులు వాళ్ళకే ఇవ్వాలి. మొదటిసారి వెళ్ళినవాళ్ళకి నలుగురు నాలుగు వైపుల నుంచి వచ్చి డబ్బులడిగితే మోసం చేస్తున్నారేమో అనిపిస్తుంది, కాదండీ, అక్కడి పద్ధతే అది. నేను శాకాహారిని కాబట్టి మా అల్లుడు తింటుంటే పక్కన కూర్చున్నా. ఆ దారిన పోయే ప్రతివాళ్ళూ, మాకు ఏ సంబంధమూ లేనివాళ్ళు, ప్రొవేచో అని చెప్పి వెళ్తున్నారు, అంటే తిన్నది వంటబట్టాలి అని. తింటున్న మనిషిని పలకరించకుండా దాటిపోకూడదన్నమాట.

శాకాహారులు మాత్రం ఒక మాట నేర్చుకునే వెళ్ళండి, మంతేకా, అంటే పంది కొవ్వు. మాంసం వద్దు అంటే చాలదు, చికెన్ మాంసం కింద లెక్క కాదనుకునేవాళ్ళు చాలామంది, ఇక కొవ్వు సంగతి ఎవరికీ తట్టదు. చిక్కుడు గింజల ముద్దలో మంతేకా ఉంటుంది, ఆవిరి మీద ఉడికించే తమాలె పిండిలో ఉంటుంది, మోలెలో కోడి ఉడికించిన నీళ్ళు ఉంటాయి, త్లయూదా అనే పెద్ద రొట్టె మీద మొదట రాసేదే అసియెంతో, అది కూడా పంది కొవ్వే. సిన్ మంతేకా, సిన్ అసియెంతో అని ముందే అడిగితే చక్కగా లేకుండా చేసి పెడతారు. నేను గుమ్మడిపూలు, కెసియో అనే దారాల ఉండలాంటి చీజ్ పెట్టి కాల్చిన కెసదియా రొట్టెలతో, నోపాల్ అనే నాగజెముడు ఆకుల కూరతో హాయిగా బతికాను. ఎర్రగా ఉన్న హమైకా అనే షర్బత్ తాగుతుంటే పుల్లగా ఎక్కడో తెలిసిన రుచి అనిపించింది, తీరా చూస్తే అవి ఎండబెట్టిన ఎర్ర గోంగూర పూల కాయలు! వేయించిన మిడతలు, చాపులీనెస్ అంటారు, వెల్లుల్లి ఉప్పు నిమ్మరసం పట్టించి బుట్టల్లో పోసి అమ్ముతారు, మా అల్లుడు ఒక దోసెడు కొనుక్కుని తిన్నాడు. అక్కడ నిలబడి ఛీ పురుగులు అని ముఖం చిట్లించేవాళ్ళని చూశాను, దయచేసి అలా చేయకండి, తినకపోతే తినకండి, ఎదురుగా ఉన్నావిడకి భాష రాకపోయినా ముఖం చదవడం వచ్చు.

ఇంక ఆదివారం సంత. వహాకా లోయలో ఒక్కో ఊరికి ఒక్కో వారం, త్లాకొలూలాది ఆదివారం. వహాకా నుంచి తూర్పుగా ఓ 30 కిలోమీటర్లు, కొలెక్టీవో అనే షేర్ టాక్సీలో వెళ్ళాం. ఆ దారిలోనే మిత్లా అనే ఊరి వైపు కొండల్లో గిలా నకీత్స్ అనే గుహ ఉంది, అందులో దొరికిన గుమ్మడి గింజలు పదివేల ఏళ్ళ నాటివి, మొక్కజొన్న కంకుల ముక్కలు ఆరువేల ఏళ్ళు దాటినవి, ఈ ఖండంలో మనుషులు పైరుని మచ్చిక చేసుకున్న మొదటి ఆనవాళ్ళు అవేనని యునెస్కో 2010లో ఆ గుహలని వారసత్వ జాబితాలో పెట్టింది. అదే లోయలో అదే గుమ్మడికాయలు, అవే కంకులు ఇవాళ కూడా సంతలో పోగులు పెట్టి అమ్ముతున్నారు. తెల్లవి, పసుపువి, నల్లవి, ఎర్రవి, కంకులు చూస్తుంటే కళ్ళు తిరిగాయి.

అక్కడ మొక్కజొన్నలు అమ్మేచోటే సున్నం ముద్దలు కూడా అమ్ముతున్నారు. ఎందుకా అని అడిగితే తెలిసింది, గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి రాత్రంతా నానబెట్టి కడిగి రుబ్బితేనే రొట్టె పిండి అవుతుందంట, దీన్ని నిష్తమాల్ అంటారు. పొట్టు ఊడటానికే కాదు, సున్నం పడితేనే గింజలో ఉన్న ఒక విటమిన్ ఒంటికి పడుతుంది. మొక్కజొన్న సముద్రాలు దాటి వెళ్ళింది కానీ సున్నం దాంతో వెళ్ళలేదు, ఇటలీలో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్నే తిని బతికిన పేదవాళ్ళకి పెల్లాగ్రా అనే జబ్బు చేసి చచ్చిపోయారు. ఇక్కడి ఆడవాళ్ళు వేల ఏళ్ళుగా ఏ పుస్తకమూ లేకుండా చేస్తున్న పని ఇది. రుబ్బడానికి మెతాతె అనే రాయి ఉంటుంది, ఏటవాలు పలక మీద పొత్రంతో నూరడం, మన సన్నికల్లు అనుకోండి, సంతలో అవి కూడా కొత్తవి చెక్కి పూలబొమ్మలు వేసి పెట్టారు. ఎత్తి చూద్దామంటే నా వల్ల కాలేదు.

మేం వెళ్ళింది చనిపోయినవాళ్ళ పండక్కి ముందు ఆదివారం, నవంబర్ 1, 2 తారీకుల్లో వస్తుంది ఆ పండగ, కాబట్టి సంత మామూలు కంటే చాలా పెద్దది. వీధంతా బంతిపూలు, సెంపాసూచిల్ అంటారు, పాత భాషలో దాని అర్థం ఇరవై పూలు అని, అన్ని రేకులు కదా. బంతి పుట్టినిల్లు కూడా మెక్సికోనే. పక్కనే ముదురు ఎరుపు సీతమ్మ జడ పూలు, వాళ్ళు కోడిజుట్టు అని పిలుస్తారు. కోపాల్ అనే బంక ముక్కలు నిప్పుల మీద వేస్తే సాంబ్రాణి పొగే. చిన్న చిన్న ముఖాలు గుచ్చిన రొట్టెలు, చెరుకు గడలు, చాక్లెట్ ముద్దలు, కాళ్ళు కట్టేసిన టర్కీ కోళ్ళని చంకలో పెట్టుకుని వెళ్ళే ఆడవాళ్ళు. ఇవన్నీ టూరిస్టుల కోసం పెట్టినవి కావు. పోయిన తల్లికో బిడ్డకో పీట వేయడానికి కొనుక్కెళ్తున్నారు వాళ్ళు.

నేను తప్పు చేసింది ఇక్కడే.

ఒక మూల పెద్దావిడ తెహాతె అమ్ముతోంది. మొక్కజొన్న, కాకావ్ (కోకో) గింజలు, మామీ అనే సపోటా జాతి పండు పిక్క, కాకావ్ పువ్వు అని పిలిచే ఒక వాసన పువ్వు, అన్నీ కలిపి నూరిన ముద్దని పెద్ద మట్టి కుండలో వేసి, నీళ్ళు పోస్తూ మోచేతి దాకా చెయ్యి పెట్టి గంటల తరబడి చిలుకుతారు, పైన తెల్లటి నురగ తరకలా తేలుతుంది, దాన్ని హికారా అనే ఎర్ర రంగు వేసిన బుర్ర చిప్పలో ముంచి ఇస్తారు. ఆవిడ చెయ్యి, ఆ నురగ, వెనకాల బంతిపూలు, నాకు ఏమీ ఆలోచన రాలేదు, ఫోన్ తీసి దగ్గరికి వెళ్ళి టకటకా నాలుగు ఫోటోలు తీసేశా. ఆవిడ తల పక్కకి తిప్పుకుంది, నేను అటు తిరిగి ఇంకోటి తీశా. అప్పుడు రెబోసో అనే శాలువా కొంగు ముఖానికి అడ్డంగా లాక్కుని అలా కూర్చుండిపోయింది. చిలకడం ఆపేసింది. కొనడానికి నిలబడ్డ ఇద్దరు నన్ను చూశారు. ఎవరూ ఏమీ అన్లేదు, ఆ అనకపోవడమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. మా ఇంట్లో పోయినవాళ్ళ పండక్కి నేను పని చేసుకుంటుంటే ఎవరో ముక్కూమొహం తెలీని మనిషి వచ్చి ముఖం మీద ఫోన్ పెడితే నాకెలా ఉంటుంది? ఆ మాట నాకు ముందు తట్టలేదు.

అక్కడే ఆ ఫోటోలు డిలీట్ చేశాను, స్క్రీన్ ఆవిడ వైపు తిప్పి డిలీట్ చేస్తున్నట్టు చూపించాను. పెర్దోన్, సెన్యోరా అన్నాను, నాకొచ్చిన స్పానిష్ అంతే. తర్వాత ఒక చిప్ప తెహాతె అడిగాను. కొంచెంసేపు చూసి, చక్కెర పాకం కావాలా అని సైగ చేసి, ముంచి ఇచ్చింది. చల్లగా, మట్టి వాసనగా, కొంచెం వగరుగా ఉంది, మొదటి గుక్కకి అర్థం కాలేదు, రెండో గుక్క నుంచి వదల్లేదు. తాగడం అయ్యేదాకా ఆ బల్ల మీదే కూర్చున్నా. ఆవిడ మళ్ళీ చిలకడం మొదలుపెట్టింది. అయిపోయాక చిప్ప తిరిగి తీసుకుని అడక్కుండానే అందులో ఇంకో సగం పోసింది, నేను డబ్బులు తీయబోతే వద్దని చేయి ఊపింది.

అందుకే చెప్తున్నా, ముందు బ్వెనోస్ దియాస్ అని పలకరించండి, ధర అడగడానికైనా సరే పలకరింపు తర్వాతే. ఏదైనా కొనండి, తర్వాత ఫోటో తీసుకోవచ్చా అని అడగండి. ఊ అంటే తీసుకోండి, ఊహూ అంటే నవ్వి వచ్చేయండి. పూలని, మిరపకాయల్ని తీసుకుంటామంటే ఎక్కువమంది ఊ అనే అన్నారు. బట్టల కొట్ల దగ్గర మాత్రం ఫోటోలు వద్దు అని బోర్డులు కనిపిస్తాయి, వాళ్ళ అల్లికల్ని, డిజైన్లని బయటి కంపెనీలు కాపీ కొట్టేసి అమ్ముకుంటున్నాయన్న బాధ వాళ్ళకి చాలా ఉంది, అలా అనుమతి లేకుండా వాడుకోకుండా 2022లో మెక్సికోలో ఒక చట్టమే తెచ్చారు.

ఇక రెండో సంగతి. అదే సంతలో తెయొతిత్లాన్ అనే నేతగాళ్ళ ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్ని తివాచీలు పరిచి పెట్టాడు. నాగజెముడు మీద బతికే కొచినీల్ అనే చిన్న పురుగుని అరచేతిలో నలిపితే రక్తం లాంటి ఎరుపు వచ్చింది, దాని మీద నిమ్మకాయ పిండితే నారింజ రంగు అయింది, సున్నం తగిలిస్తే ఊదా రంగు. స్పెయిన్ వాళ్ళ కాలంలో ఈ ఎరుపు వహాకా నుంచి ఓడలెక్కి యూరప్ అంతా వెళ్ళింది. ఇదంతా ఆయన ఒక గుంపుకి చూపిస్తున్నాడు, ఓ ఎనిమిది మంది ఉంటారు, టూర్ బస్సులో వచ్చారు, తెలుగులో మాట్లాడుకుంటున్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో, పలకరిద్దామని దగ్గరికి వెళ్ళాను. చేతి రంగులన్నీ వీడియో తీసుకున్నారు, ఆయన్ని రెండోసారి కూడా చేసి చూపించమన్నారు, చేశాడు పాపం. తర్వాత ఒక తివాచీ ధర అడిగారు, 2400 పెసోలు అన్నాడు. ఒకాయన 800 అన్నాడు. ముసలాయన తల అడ్డంగా ఊపి తివాచీని తిరగేసి చూపించాడు, మగ్గం మీద నేసింది కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది కదా, అది చూడమని. సరే 900 అని, వాళ్ళలో వాళ్ళు వీడు దిగుతాడు చూడండి, వెళ్ళిపోతున్నట్టు నటించండి అనుకుంటున్నారు. వీడు! ఆయనకి మా నాన్నగారి వయసు ఉంటుంది. దిగలేదు ఆయన. వాళ్ళు నిజంగానే వెళ్ళిపోయారు.

నేను పలకరించలేదు. వాళ్ళు నా మనుషులే అని ఆయనకి తెలియకూడదని పక్కకి తిరిగి నిలబడ్డాను. అప్పుడే వాళ్ళతో ఒక మాట అనాల్సింది, నోరు రాలేదు, అందుకే మీ పేపర్ ద్వారా అంటున్నాను. అయ్యా, అమ్మా, ఉన్ని దువ్వి, వడికి, పురుగుల రంగులో ఆకుల రంగులో ముంచి, మగ్గం మీద వారాల తరబడి నేసిన దానికి మూడో వంతు ధర అడగడం బేరం కాదు, అవమానం. కొనే ఉద్దేశం లేకపోతే రెండోసారి చేసి చూపించమని అడగకండి. అక్కడివాళ్ళు అసలు బేరం ఆడరని కాదు, ఆడతారు, నేను చూశాను, కానీ దాని తీరు వేరు. రెండు తీసుకుంటే ఎంతకిస్తారు అని అడుగుతారు, వాళ్ళు కొంచెం తగ్గిస్తారు లేదా ఏదో ఒకటి పైన వేస్తారు, అక్కడితో ఐపోతుంది. తిండి సామాన్లకి, పోగులు పెట్టిన కూరగాయలకి బేరమే ఉండదు, పోగు ఇంత అంటే ఇంతే. అయితే సంతలో మిషన్ మీద చేసిన సరుకు కూడా కలిసిపోయి ఉంటుంది, కాబట్టి ఇది మీరే నేశారా, ఏ ఊళ్ళో నేశారు అని అడగడం మంచిదే, చేసినవాళ్ళయితే ఆ ప్రశ్నకి సంతోషంగా అరగంట చెప్తారు.

మేం చిన్న తివాచీ ఒకటి తీసుకున్నాం, ఆయన చెప్పిన ధరకే. మా అమ్మాయి కాగితం మీద ఆయన ఊరు పేరు రాయించుకుంది, మర్నాడు ఆ ఊరు వెళ్ళి మగ్గాలు కూడా చూశాం, అదంతా రాస్తే మీకు ఇంకో పేజీ కావాలి.

ఇంకో నాలుగు ముక్కలు. సంచి తప్పకుండా పట్టుకెళ్ళండి, అక్కడివాళ్ళు ప్లాస్టిక్ దారంతో అల్లిన రంగురంగుల సంచులు వాడతారు, సంతలోనే కొనుక్కోవచ్చు, మెక్సికో సిటీలో 2020 నుంచి షాపుల్లో ప్లాస్టిక్ కవర్లు ఇవ్వడం నిషేధం కూడా. పర్సు ముందు వైపు పెట్టుకోండి. పండు అయితే తొక్క తీసేవి తినండి, జనం ఎక్కువున్న కొట్టు దగ్గరే తినండి. మాడిన పాల ఐస్ ఒకటి అమ్ముతారు, నాగజెముడు పండు ఐస్‌తో కలిపి ఇస్తారు, పాలు మాడటం ఏంటని వదిలేయకండి, ఆ మాడు వాసనే దాని రుచి. మెక్సికో సిటీ వెళ్ళేవాళ్ళు పూల కోసం హమైకా మార్కెట్, మూలికలు చూడాలంటే సోనోరా మార్కెట్, అన్నీ ఒకచోట కావాలంటే లా మెర్సెద్ చూడొచ్చు, కానీ వాటికి స్థానికులు ఎవరైనా తోడుంటే మంచిదని మాకు చెప్పారు, మేం ఒక పూటే వెళ్ళగలిగాం కాబట్టి నేను ఇంతకంటే చెప్పలేను.

మీరు ఈ ఉత్తరం మొత్తం వేయలేకపోతే కనీసం సంతల వారాలైనా ఒక బాక్స్ కట్టి వేయండి, ఎందుకంటే హోటల్ వాళ్ళు టూర్ బస్సుల గురించే చెప్తారు, వీటి గురించి అడిగితే తప్ప చెప్పరు. ఎత్లా బుధవారం, సాచీలా గురువారం, ఒకొత్లాన్ శుక్రవారం, త్లాకొలూలా ఆదివారం. అన్నీ వహాకా నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. పొద్దున్నే వెళ్ళండి, తెహాతె మధ్యాహ్నానికే అయిపోతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హ్యూస్టన్ నుంచి